ఫుల్ కవర్ కట్టినా కౌంటర్‌లో మళ్లీ కట్టించుకున్నారు: విదేశాల్లో అద్దె కారుకి ఏ ఇన్సూరెన్స్ తీసుకోవాలి?

వలసపక్షి
కడుపు మండి రాస్తున్నాను, కాస్త పొడుగవుతుంది. పోర్చుగల్‌లో తొమ్మిది రోజులకి కారు బుక్ చేశాను. బుకింగ్ సైట్‌లోనే "ఫుల్ ప్రొటెక్షన్" అని కనిపిస్తే దానికీ డబ్బు కట్టేశాను. రాత్రి పదకొండున్నరకి దిగాం. పాప నా భుజం మీదే నిద్రపోయింది. కౌంటర్‌లో అమ్మాయి నా కాగితం చూసి "ఇది మాది కాదు సార్, మా దగ్గర చెల్లదు" అంది. వాళ్ల కవర్ తీసుకోకపోతే కార్డు మీద 1,600 యూరోలు బ్లాక్ చేస్తారట. నా కార్డులో అంత లిమిట్ మిగల్లేదు. ఆ వేళప్పుడు ఇంకో కారు ఎక్కడ వెతుక్కుంటాం? వాళ్లదీ కట్టాను. ఒకే కారుకి రెండుసార్లు కట్టినట్టయింది.

మార్చిలో ఐస్‌లాండ్ వెళ్తున్నాం. ఆ తర్వాత నాకు ఆఫీసు పని మీద కాలిఫోర్నియా ఉంది. సీడీడబ్ల్యూ, ఎల్‌డీడబ్ల్యూ, టీపీ, ఎస్‌ఎల్‌ఐ, పీఏఐ... ఈ అక్షరాల్లో ఏది తీసుకోవాలి, ఏది వదిలేయాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

స్టెప్నీ
అచ్చం నాకూ ఇదే జరిగింది. వెనకాల క్యూ, ముందు కౌంటర్, "కట్టండి, లేదంటే కారివ్వం" అని ఒకటే మాట. నా దృష్టిలో ఇది మోసమే.

క్లెయిమ్స్‌బల్ల
పదకొండేళ్లు ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లు చూశాను కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. వలసపక్షి గారూ, మీరు కొన్న రెండూ ఒకటి కావు.

ముందు సీడీడబ్ల్యూ సంగతి. అది నిజానికి ఇన్సూరెన్సే కాదు, ఒప్పందంలో ఒక షరతు. కారు పాడైతే మొత్తం ఖర్చు మీ దగ్గర రాబట్టుకునే హక్కు కంపెనీకి ఉంటుంది. ఆ హక్కు వదులుకుంటామని వాళ్లు రాసిచ్చేదే సీడీడబ్ల్యూ. దాంట్లోనే దొంగతనం కవర్, అంటే టీపీ, కూడా కలిపితే ఎల్‌డీడబ్ల్యూ అంటారు. యూరప్‌లో చాలావరకు అద్దెలోనే కలిసి ఉంటుంది. కానీ పూర్తిగా వదులుకోరు. మీ విషయంలో మొదటి 1,600 యూరోల దాకా మీ మీదే ఉంచారు. దాన్నే ఎక్సెస్ అంటారు, అమెరికాలో డిడక్టిబుల్.

కౌంటర్‌లో అమ్మే "సూపర్" కవర్ ఆ ఎక్సెస్‌ని సున్నాకి దించుతుంది. సైట్‌లో మీరు కొన్నది వేరే కంపెనీ ఇచ్చే ఎక్సెస్ ఇన్సూరెన్స్. కారుకి సొట్ట పడితే అద్దె కంపెనీ మీ కార్డు నుంచి డబ్బు లాగేస్తుంది, ఆ రసీదులు పంపితే ఇన్సూరెన్స్ వాళ్లు మీకు తిరిగిస్తారు. ఒకరు "మేం అడగం" అంటారు, ఇంకొకరు "వాళ్లు అడిగితే కట్టేయండి, మేం తర్వాత ఇస్తాం" అంటారు. తేడా అంతా అక్కడే ఉంది.

స్టెప్నీ
మరి "చెల్లదు" అనడం అబద్ధమేగా?

క్లెయిమ్స్‌బల్ల
"మాకు సంబంధం లేదు" అంటే నిజం. "చెల్లదు" అంటే తప్పు. కౌంటర్ వాళ్లలో చాలామందికి అమ్మిన కవర్‌ని బట్టి కమిషన్ ఉంటుంది, అందులో నువ్వన్నది నిజమే.

వలసపక్షి
అంటే కార్డులో లిమిట్ ఉండుంటే ఆ రాత్రి రెండోది కట్టాల్సిన పనే లేదా?

క్లెయిమ్స్‌బల్ల
లేదు. 1,600 బ్లాక్ చేయించుకుని తాళం తీసుకునేవారు. కారు బాగా అప్పగిస్తే ఆ బ్లాక్ కొద్దిరోజుల్లో తీసేస్తారు.

మజిలీ
నేను ఎప్పుడూ విడిగా ఎక్సెస్ పాలసీయే తీసుకుంటాను, ఒకసారి అక్కరకొచ్చింది కూడా. మల్టీలెవెల్ పార్కింగ్‌లో పైకి తిరిగే మలుపు దగ్గర వెనక తలుపు స్తంభానికి రాసుకుంది. జానెడు గీత, దానికి 840 యూరోలు లాగారు. ఐదు వారాల్లో డబ్బు తిరిగొచ్చింది. కాకపోతే వాళ్లడిగిన కాగితాలు చూడండి: అద్దె ఒప్పందం, కారు తీసుకున్నప్పటి చెకౌట్ షీట్, డ్యామేజ్ రిపోర్టు, రిపేరు బిల్లు, డబ్బు పోయినట్టు కార్డు స్టేట్‌మెంట్, లైసెన్స్ కాపీ. రిపేరు బిల్లు కోసం అద్దె కంపెనీకి నాలుగు మెయిళ్లు పెట్టాల్సి వచ్చింది. ఓపిక ఉన్నవాళ్లకి ఇది మంచిది. లేనివాళ్లు కౌంటర్‌లోనే సున్నా ఎక్సెస్ తీసుకోండి, తప్పేం లేదు.

దూరపుకొండ
మజిలీ అక్కా, ఇందులో ఒక మాట మర్చిపోయారు. బ్లాక్ చేయడానికి చాలాచోట్ల డెబిట్ కార్డు ఒప్పుకోరు. అదీ మెయిన్ డ్రైవర్ పేరు మీదున్న క్రెడిట్ కార్డే కావాలంటారు. మా ఆయన పేరు మీద బుకింగ్, నా పేరు మీద కార్డు. గంటన్నర నిలబెట్టారు.

రూల్సురావు
"సున్నా ఎక్సెస్" అనగానే గుండె మీద చెయ్యేసుకుని పడుకోకండి. మామూలు సీడీడబ్ల్యూలో టైర్లు, చక్రాలు, అద్దాలు, కారు పైకప్పు, అడుగుభాగం ఉండకపోవడం పరిపాటి. సూపర్ కవర్‌లో కూడా కొన్ని కంపెనీలు వీటిని వదిలేస్తాయి. తాళం పోగొట్టడం, తప్పు ఇంధనం పోయడం, ఒప్పందంలో పేరు లేనివాళ్లు నడపడం, తాగి నడపడం, వెళ్లకూడదన్న రోడ్డు మీదికెళ్లడం, వీటిలో ఏది జరిగినా సాధారణంగా కవర్ పనిచేయదు. టైరు పేలితే ఎవరు కడతారు అని ఒక్క ప్రశ్న అడగండి, మిగతావన్నీ అదే కాగితంలో కనిపిస్తాయి.

గాలిపటం
టైరు సంగతి స్టెప్నీని అడగాలి, పేరు పెట్టుకున్నాడుగా 😄

స్టెప్నీ
పెట్టుకున్నాను కాబట్టే చెప్తున్నా. ఈ రోజుల్లో అద్దె కార్లలో చాలావాటికి స్టెప్నీ ఉండదు, పంక్చర్ కిట్ ఒకటి పడేస్తారు. డిక్కీ అడుగున చూసుకుని బయల్దేరండి. టైరు పక్క చీలితే ఆ కిట్ ఎందుకూ పనికిరాదు, టోయింగ్ ఖర్చు ఎవరిదో కూడా అడగండి.

చినుకు
తప్పు ఇంధనం అన్నారు కదా, మా అన్నయ్యకి జరిగింది. స్పెయిన్‌లో బంకు మీద రెండు పేర్లు. గాసోలినా అంటే పెట్రోలు. గాసోలియో అంటే డీజిలు. చూడ్డానికి అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. డీజిలు కారులో పెట్రోలు సగం ట్యాంకు పోశాక అనుమానమొచ్చి ఆపాడు. అదృష్టం కొద్దీ స్టార్ట్ చేయలేదు. ట్యాంకు ఖాళీ చేయించే ఖర్చు, టోయింగ్ అంతా జేబులోంచే పోయింది. అతను అప్పటికే అన్నిటికన్నా ఖరీదైన కవర్ తీసుకుని ఉన్నాడు. అప్పట్నుంచి మా ఇంట్లో రూలు ఒకటే: తాళం చేతికివ్వగానే ఇంధనం మూత తెరిచి లోపల స్టిక్కర్ ఫోటో తీసుకోవడం.

గాలిపటం
ఇంత తలనొప్పి ఎందుకండీ? నా క్రెడిట్ కార్డుతోనే అద్దె కారు కవర్ వస్తుంది. ఆరేళ్లుగా కౌంటర్‌లో ఏదీ కొనలేదు.

రూల్సురావు
ఆరేళ్లలో ఒక్క క్లెయిమైనా చేశావా గాలిపటం?

గాలిపటం
అవసరం రాలేదు.

రూల్సురావు
అయితే ఆ కవర్ ఎలా ఉంటుందో నీకింకా తెలియదు తమ్ముడూ. నేను క్లెయిమ్ చేశాను, వచ్చింది, కాబట్టి కార్డు కవర్ దండగ అనను. కానీ షరతులు గట్టివి. మొత్తం అద్దె అదే కార్డుతో కట్టాలి. కౌంటర్‌లో సీడీడబ్ల్యూ వద్దని చెప్పాలి, తీసుకున్నావంటే కార్డు కవర్ ఎగిరిపోతుంది. ఇన్ని రోజులకే అని హద్దు ఉంటుంది, అమెరికా వీసా కార్డుల్లో తరచుగా స్వదేశంలో 15 రోజులు, బయట 31 రోజులు. పెద్ద వ్యాన్లు, ఖరీదైన కార్లు ఉండవు. కొన్ని దేశాలే ఉండవు. అమెరికాలో ఇచ్చే అమెరికన్ ఎక్స్‌ప్రెస్ కార్డులతో ఉచితంగా వచ్చే కవర్‌లో ఆస్ట్రేలియా, ఇటలీ, న్యూజిలాండ్ లేవు. ఐర్లాండ్, ఇజ్రాయెల్, జమైకా మినహాయించిన కార్డులు చాలా చూశాను.

దూరపుకొండ
ఐర్లాండ్‌లో నేను పడ్డాను ఈ బాధ. కార్డు కవర్ ఉందని సీడీడబ్ల్యూ వద్దన్నాను. "మీ కార్డు ఐర్లాండ్‌లో పనిచేస్తుందని బ్యాంకు లెటర్ చూపించండి" అన్నారు. లేదు. వాళ్లదే కొన్నాను. బయల్దేరే ముందు బ్యాంకు నుంచి దేశం పేరుతో సహా లెటర్ తెప్పించుకుంటే ఆ బాధ ఉండేది కాదు.

గాలిపటం
సరే, ఒప్పుకుంటున్నా. ఇవాళే నా కార్డు షరతులు చదువుతాను. దేశాల జాబితా ఉంటుందని నాకు తెలియదు.

క్లెయిమ్స్‌బల్ల
ఇంతసేపూ అందరం కారు గురించే మాట్లాడుకున్నాం. గీత, సొట్ట, టైరు, అద్దం. నా పదకొండేళ్లలో మనుషుల్ని నిజంగా ముంచినవి ఇవి కావు.

కారు మొత్తం తుక్కయినా నష్టం కారు ఖరీదు దగ్గర ఆగుతుంది. మీ కారు ఒక మనిషికి తగిలితే? ఆ నష్టానికి హద్దు లేదు. ఆసుపత్రి ఖర్చు, పని పోయినందుకు పరిహారం, జీవితాంతం సాయం. కాబట్టి మొదట చూడాల్సింది లయబిలిటీ, అంటే ఎదుటివాళ్లకి జరిగిన నష్టానికి కవర్ ఎంత అన్నది. ఎక్సెస్ గొడవ ఆ తర్వాత.

యూరప్‌లో దీని గురించి పెద్దగా భయపడక్కర్లేదు. థర్డ్ పార్టీ కవర్ లేకుండా కారు రోడ్డెక్కకూడదు, అది అద్దెలోనే ఉంటుంది. ఐరోపా సమాఖ్య 2021లో సవరించిన నిబంధన ప్రకారం గాయాలకి కనీస కవర్ ప్రమాదానికి 64.5 లక్షల యూరోలు, లేదా ఒక్కో మనిషికి 13 లక్షల యూరోలు. బ్రిటన్‌లో గాయాల పరిహారానికి పైహద్దే లేదు.

ఇప్పుడు కాలిఫోర్నియా చూడండి. 2025 జనవరి 1 నుంచి పెంచాక కూడా చట్టం అడిగే కనీసం ఒక మనిషికి 30,000 డాలర్లు, ప్రమాదం మొత్తానికి 60,000, ఆస్తి నష్టానికి 15,000. అంతకుముందు ఒక మనిషికి 15,000 డాలర్లే ఉండేది. అక్కడ ఒక పెద్ద ఆపరేషన్‌కే 30,000 సరిపోదు. మిగిలింది నడిపినవాళ్ల మీద పడుతుంది. "కారు కంపెనీది కదా, వాళ్లని అడుగుతారులే" అనుకోకండి. కారు సొంతదారైన ఒక్క కారణంతో అద్దె కంపెనీని బాధ్యుణ్ణి చేయకూడదని అమెరికాలో 2005 నుంచి గ్రేవ్స్ సవరణ అనే ఫెడరల్ చట్టమే ఉంది.

అందుకే వలసపక్షి గారూ, మీ జాబితాలో కాలిఫోర్నియాకి వదలకూడనిది ఎస్‌ఎల్‌ఐ, అదనపు లయబిలిటీ. తరచుగా పది లక్షల డాలర్ల దాకా ఇస్తారు. క్రెడిట్ కార్డు కవర్‌లో ఇది ఉండదు, గాలిపటం ఇది గుర్తుపెట్టుకో. ఎక్సెస్ పాలసీల్లోనూ సాధారణంగా ఉండదు.

వలసపక్షి
ఇది చదివి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. పోయినసారి అమెరికా వెళ్లినప్పుడు "కారు కవర్ ఉంది కదా" అని ఎస్‌ఎల్‌ఐ వద్దన్నాను. రెండు వారాలు నడిపాను.

మజిలీ
వలసపక్షి గారూ, అమెరికా బయట ఉండేవాళ్లకి అమ్మే రేట్లలో చాలాసార్లు ఎల్‌డీడబ్ల్యూ, అదనపు లయబిలిటీ రెండూ కలిపే ఉంటాయి. అదే కంపెనీ, అదే కారు, సైట్‌లో మీరుండే దేశం మారిస్తే లోపలున్నవి మారతాయి. నేను విడిగా లెక్కేసి చూశాను, కౌంటర్‌లో రెండూ కొనడం కన్నా బాగా తక్కువ పడింది. వోచర్‌లో లయబిలిటీ మొత్తం అంకెల్లో ఉందో లేదో చూసుకోండి. మీరు ఉండని దేశం పేరు మాత్రం పెట్టకండి, క్లెయిమ్ దగ్గర అదే కొంప ముంచుతుంది.

స్టెప్నీ
పీఏఐ సంగతెవరూ చెప్పలేదు. తీసుకోవాలా?

రూల్సురావు
పీఏఐ అంటే కారులో ఉన్నవాళ్లకి ప్రమాద కవర్. ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో వైద్య ఖర్చు బాగా ఉంటే వదిలేయొచ్చు. న్యూజిలాండ్‌లో అయితే ఏసీసీ అనే ప్రభుత్వ పథకం ఉంది, 1974 నుంచి. తప్పెవరిదైనా ప్రమాదంలో దెబ్బ తగిలితే చికిత్స ఖర్చులో సాయం చేస్తుంది, పర్యాటకులకి కూడా.

దూరపుకొండ
ఆగండి రావు గారూ, ఏసీసీ ఉందని ట్రావెల్ ఇన్సూరెన్స్ మానేసేవాళ్లని చూశాను. అది ప్రమాదాలకే, జబ్బు చేస్తే రాదు. ఇంటికి తిరిగి తీసుకెళ్లే ఖర్చూ ఇవ్వరు. పైగా న్యూజిలాండ్‌లో ఎదుటివాళ్ల కారు నష్టానికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ చట్టప్రకారం తప్పనిసరి కాదు, మన ఒప్పందంలో ఉందో లేదో మనమే చూసుకోవాలి. క్వీన్స్‌టౌన్ దగ్గర స్కిప్పర్స్ రోడ్డు, ఉత్తరాన నైంటీ మైల్ బీచ్, వీటి మీదికెళ్తే కవర్ రద్దని చాలా కంపెనీల ఒప్పందాల్లో పేరుతో సహా ఉంటుంది.

రూల్సురావు
నిజమే, ట్రావెల్ ఇన్సూరెన్స్ మానేయమని నా ఉద్దేశం కాదు. పీఏఐ ఒక్కటే వదిలేయొచ్చన్నాను.

ఉత్తరగాలి
ఐస్‌లాండ్ మాట నేను చెప్తాను, మూడుసార్లు తిరిగాను. అక్కడ మిగతా దేశాల్లో వినని రెండు పేర్లు వినిపిస్తాయి. ఒకటి గ్రావెల్ ప్రొటెక్షన్: ఎదురొచ్చే కారు చక్రాల కింద నుంచి కంకర ఎగిరి ముందద్దానికి, హెడ్‌లైట్లకి తగులుతుంది. ఇది తీసుకోండి. తారురోడ్డు అయిపోయి కంకర మొదలయ్యేచోటే ఎక్కువగా తగులుతుంది, అక్కడ వేగం తగ్గించండి. రెండోది ఇసుక, బూడిద కవర్. దక్షిణ తీరంలో గాలి లేస్తే నల్ల ఇసుక ఉప్పుకాగితంలా రుద్దేస్తుంది. ఒక కారుని దగ్గరగా చూశాను, గాలికి ఎదురుగా ఉన్న పక్క మొత్తం రంగు పోయి రేకు తేలింది, అద్దాలు పాలలా మసకబారాయి. అవతలి పక్క కొత్త కారే.

సాధారణంగా ఏ కవర్‌లోనూ రానివి రెండున్నాయి. వాగు దాటుతూ ఇంజిన్‌లోకి నీళ్లు పోతే ఖర్చంతా మీదే. గాలికి తలుపు విరిగినా మీదే.

చినుకు
తలుపు విరగడమేంటి? కారు తలుపు?

ఉత్తరగాలి
అవును చినుకూ. తలుపు తీయగానే గాలి లాక్కుని వెనక్కి తిప్పేస్తుంది, కీళ్లు వంగిపోతాయి. తలుపు మళ్లీ మూసుకోదు. అక్కడ పర్యాటకులు కట్టే బిల్లుల్లో ఇది మామూలైపోయింది. కారుని గాలికి ఎదురుగా ముక్కు పెట్టి ఆపాలి. ఇంకోటి, ఎఫ్ అక్షరంతో మొదలయ్యే కొండరోడ్ల మీదికి ఫోర్‌వీల్ డ్రైవ్ తప్ప వేరే కారు వెళ్లకూడదు. మార్చిలో అవి ఎలాగూ మూసే ఉంటాయి కాబట్టి వలసపక్షి అన్నకి ఆ బెడద లేదు. ఇసుక కవర్ మాత్రం ఆలోచించుకోండి, దక్షిణ తీరానికెళ్తే నేనైతే తీసుకుంటాను.

మజిలీ
జపాన్ వెళ్లేవాళ్లకి ఒక చిన్న మాట. అక్కడ సీడీడబ్ల్యూ తీసుకున్నా ఎన్‌ఓసీ అని విడిగా ఉంటుంది: కారు రిపేరులో ఉన్నన్నాళ్లు వ్యాపారం పోయినందుకు కట్టేది. నేను తీసుకున్నప్పుడు కారు నడుపుకుంటూ తెచ్చిస్తే 20,000 యెన్లు, నడపలేని స్థితిలో ఉంటే 50,000. దాన్ని కూడా తీసేసే ప్లాన్ కౌంటర్‌లోనే ఉంది. చిన్న గీతైనా పోలీసులకి చెప్పి రికార్డు చేయించాలి, లేకపోతే ఏ కవరూ పనిచేయదు. ఇంటర్నేషనల్ పర్మిట్ 1949 జెనీవా ఒప్పందం ప్రకారం ఇచ్చిందే అయ్యుండాలి. లైసెన్సే చెల్లకపోతే ఇన్సూరెన్స్ ఎన్ని కొన్నా వృథా.

గాలిపటం
ఆస్ట్రేలియాలో మా బావ ఒప్పందంలో ఇంకో షరతు చూశాడు. ఊళ్ల బయట చీకటి పడ్డాక జంతువుని గుద్దితే కవర్ లేదని. కంగారూలు తిరిగేది సరిగ్గా అప్పుడే! సాయంత్రం ఐదుకల్లా బస చేరేలా ప్లాన్ మార్చుకున్నారు.

చినుకు
వీడియో తీసుకోమని అందరూ అంటారు, ఎలా తీయాలో ఎవరూ చెప్పరు. కారు చుట్టూ నడుస్తూ ఒకే షాట్‌లో తీయాలి, నంబర్ ప్లేట్‌తో మొదలుపెట్టి దానితోనే ముగించాలి. చక్రాల అంచులు ఒక్కొక్కటీ దగ్గర్నుంచి. ముందద్దం మీద ఫోన్ లైటు ఏటవాలుగా వేస్తే చిన్న రాళ్ల దెబ్బలు మెరుస్తాయి. చివర్లో డాష్‌బోర్డు, కిలోమీటర్లు, ఇంధనం. వాళ్ల షీటులో లేని గీత కనిపిస్తే అక్కడే రాయించి సంతకం పెట్టించుకోవాలి. అప్పగించేటప్పుడూ ఇదంతా మళ్లీ చేయాలి.

దూరపుకొండ
అప్పగించడం గురించి ఇంకోటి. ఆఫీసు మూసేశాక తాళం పెట్టెలో వేసి వెళ్తే, పొద్దున వాళ్లు చూసేదాకా కారు బాధ్యత మనదే. నాకు మూడు వారాల తర్వాత బంపర్ బిల్లు వచ్చింది. రాత్రి పార్కింగ్‌లో లైట్ల కింద తీసిన వీడియో పంపాను, బిల్లు వెనక్కి తీసుకున్నారు. వీడియోలు ఆరు నెలలైనా ఉంచండి.

స్టెప్నీ
ఇంకోటి. డిపాజిట్ బ్లాక్ చేసేటప్పుడు మిషన్ మీద "మీ దేశం కరెన్సీలో కట్టండి" అని వస్తుంది. అక్కడి కరెన్సీలోనే ఉంచండి, మార్పిడి రేటు వాళ్ల ఇష్టప్రకారం వేస్తారు. నిలబెట్టి నొక్కించేస్తారు, చూసుకోండి.

వలసపక్షి
అందరికీ పేరుపేరునా థాంక్స్. రెండు రోజులు కూర్చుని అన్నీ చదివాను, ఐస్‌లాండ్ కంపెనీకి మెయిల్ కూడా పెట్టాను. టైరు పేలితే ఎవరు కడతారు, నా కార్డు మీద ఎంత బ్లాక్ చేస్తారు, ఈ రెండే అడిగాను. సాయంత్రానికి జవాబొచ్చింది. టైరు, అద్దం, కంకర, ఇసుక కలిపిన ప్యాకేజీలో ఎక్సెస్ సున్నా, బ్లాక్ లేదు. నేరుగా వాళ్ల దగ్గరే తీసుకున్నాను. పాపతో వెళ్తూ మళ్లీ కౌంటర్ దగ్గర నిలబడి వాదించే ఓపిక నాకు లేదు. కాలిఫోర్నియాకి మజిలీ గారు చెప్పిన రేటే దొరికింది, లయబిలిటీ పది లక్షల డాలర్లని వోచర్‌లో అంకెల్లో ఉంది. పోర్చుగల్‌లో నేను వాడుకోని సైట్ కవర్ డబ్బు తిరిగివ్వమని రాశాను, ఇంకా జవాబు లేదు.

క్లెయిమ్స్‌బల్ల
అద్దె మొదలయ్యాక దాన్ని వెనక్కివ్వడం అరుదు, మీరు మాత్రం అడగండి. కౌంటర్‌లో కట్టిన రసీదు జత చేసి, "కార్డు లిమిట్ వల్ల తప్పనిసరై తీసుకున్నాను" అని రాయండి. మర్యాదగా రాసిన ఉత్తరానికి డబ్బొచ్చిన సందర్భాలు నేను చూశాను.

ఉత్తరగాలి
తలుపు మాట మర్చిపోకండి అన్నా. వెనక సీట్లో పాప ఉంటుంది కాబట్టి చైల్డ్ లాక్ వేసేయండి. తలుపు మీరే బయట నుంచి తీయండి, రెండు చేతుల్తో పట్టుకుని.

వలసపక్షి
పాపకి ఇప్పటికే చెప్పాను. "గాలొచ్చి తలుపు ఎత్తుకెళ్లిపోతుందా నాన్నా?" అని అడుగుతోంది.